రాక్షసుడికి ధర కట్టడం

సొంత మాన్‌స్టర్ కార్డు తయారుచేద్దామని కూర్చున్నవాళ్లు దాదాపు అందరూ ఒకే వరసలో వెళ్తారు. ముందు బొమ్మ, తర్వాత పేరు, ఆ తర్వాత అటాక్ అని ఉన్నచోట కళ్లు తిరిగే అంకె. మన దగ్గర ఇది మరీ సహజం. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు జేబులో వేసుకుని బడికెళ్లిన పిల్లలకు తెలిసిన న్యాయం ఒకటే. ఎత్తు, బరువు, ఛాతీ, ఏది చెప్పినా ఎవరి అంకె పెద్దదైతే వాళ్లదే కార్డు. ఒక్క ర్యాంకు దగ్గర మాత్రం చిన్న అంకెది గెలుపు.

ట్రంప్ కార్డులకు ఖర్చు లేదు. పంచినప్పుడు ఏది వస్తే దాంతోనే ఆడాలి. ట్రేడింగ్ కార్డ్ గేమ్‌లో డెక్‌లో ఏముండాలో ఆడేవాడే ఎంచుకుంటాడు. అక్కడ ఖర్చు లేని బలమైన కార్డు ఒక్కటి దొరికినా చాలు, ప్రతి డెక్‌లోనూ అదే కనిపిస్తుంది, మిగతా కార్డులు డబ్బాలో పడి ఉంటాయి. అందుకే ఈ అధ్యాయం మొత్తం ఒకే పని చుట్టూ తిరుగుతుంది. బలానికి ధర కట్టడం, అదీ ఆ ఆటలో నిజంగా చెల్లే నాణెంతో కట్టడం.

ఉదాహరణకు యు-గి-ఓ తీసుకుంటున్నాను. కజుకి తకహాషి 1996లో జపాన్ వారపత్రిక షోనెన్ జంప్‌లో మొదలుపెట్టిన మాంగా ఇది. కొనామి సంస్థ 1999లో జపాన్‌లో దీని కార్డులు తెచ్చింది, 2002లో అవి అమెరికా చేరాయి. ఇన్ని ఆటలుండగా దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. మ్యాజిక్ ది గ్యాదరింగ్‌లో ల్యాండ్ కార్డులు పక్కనపెడితే దాదాపు ప్రతి కార్డుకూ పైమూలన మానా ఖర్చు అచ్చువేసి ఉంటుంది. పోకెమాన్‌లో దాడి చేయాలంటే ఎనర్జీ కావాలి. యు-గి-ఓలో అలాంటి ఇంధనమే లేదు. చేతిలో ఉన్న కార్డును ఆ క్షణంలో వాడుకోవచ్చా లేదా అన్నది ఆ కార్డు మీద రాసిన మాటలే చెబుతాయి. అంటే ధర రాసే బాధ్యత పూర్తిగా తయారుచేసేవాడి మీదే పడుతుంది. ఇక్కడ ధర కట్టడం వచ్చినవాడు ఏ ఆటలోనైనా నెగ్గుకొస్తాడు.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇద్దరు ఆడతారు, చెరి 8000 లైఫ్ పాయింట్లు. డెక్‌లో 40 నుంచి 60 కార్డులు, ఒకే కార్డు మూడు కాపీలకు మించకూడదు. మొదట చేతికి ఐదు కార్డులు. టర్న్‌కు ఒక్క నార్మల్ సమ్మన్ హక్కు. లెవెల్ 4 వరకు మాన్‌స్టర్‌ను ఊరికే దించవచ్చు, 5, 6 అయితే ఫీల్డ్‌లో ఉన్న ఒక మాన్‌స్టర్‌ను ట్రిబ్యూట్‌గా బలివ్వాలి, 7 ఆపైన అయితే ఇద్దరిని. స్పెషల్ సమ్మన్‌కు లెక్క లేదు, కార్డు ఒప్పుకుంటే ఎన్నిసార్లయినా చేయొచ్చు. ఆటను నిలబెట్టేదీ పడగొట్టేదీ ఈ చివరి వాక్యమే.

అంకెల సంగతి

ఇది తేలిక కాబట్టి ముందు తేల్చేద్దాం. ఏ ఎఫెక్టూ లేని లెవెల్ 4 మాన్‌స్టర్లను వరసగా పేర్చి చూడండి. తొలినాళ్లలో లా జిన్ అటాక్ 1800, మెకానికల్ చేజర్‌ది 1850, జెమినై ఎల్ఫ్‌ది 1900. అలెగ్జాండ్రైట్ డ్రాగన్ దగ్గరకు వచ్చేసరికి 2000. ఆ రెండు వందలు పెరగడానికి ఏళ్లు పట్టింది. అంతకన్నా ఎక్కువ కావాలంటే మాన్‌స్టర్ ఏదో ఒకటి వదులుకోవాలి. గోబ్లిన్ అటాక్ ఫోర్స్ అటాక్ 2300, కానీ దాడి చేసిందంటే డిఫెన్స్ పొజిషన్‌లోకి వాలిపోతుంది, తన తర్వాతి టర్న్ ముగిసేదాకా లేవదు, డిఫెన్స్ చూస్తే సున్నా. 300 అటాక్ ఉన్న కురిబో వచ్చి కొట్టినా చస్తుంది. జిరాయి గుమో అటాక్ 2200, దాడికి దిగిన ప్రతిసారీ నాణెం ఎగరేయాలి, తప్పు చెబితే మన లైఫ్ పాయింట్లలో సగం గోవిందా.

మీ కార్డుకు అంకె వేసేముందు చేయాల్సింది ఇదే. దానికి దగ్గర బంధువులైన అసలు కార్డులు ఓ నాలుగు ముందు పెట్టుకోండి. అదే లెవెల్, అదే రకం పని. వాటిలో దేనికన్నా మీది మెరుగో, ఎందులో మెరుగో, దానికి బదులు ఏం ఇస్తోందో రాయండి. రాయలేకపోతే అంకె తగ్గించండి.

ధర ఎక్కువైనా కార్డు చస్తుంది. డార్క్ మెజీషియన్ మాంగా కథానాయకుడి కార్డు, అందరికీ ఇష్టం. లెవెల్ 7, అటాక్ 2500. సమ్మన్డ్ స్కల్ లెవెల్ 6, అటాక్ అదే 2500. ఒకదానికి ఇద్దరిని బలివ్వాలి, రెండోదానికి ఒక్కరు చాలు. పాతరోజుల్లో గెలవాలని ఆడేవాళ్లు ఏది పెట్టుకున్నారో చెప్పక్కర్లేదు. ఇద్దరిని బలిచ్చి తెచ్చిన మాన్‌స్టర్‌ను ప్రత్యర్థి ఒక్క కార్డుతో నాశనం చేశాడంటే మూడు కార్డులు పోయి ఒక్కటి రాలినట్టు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే.

చెల్లని నాణేలు

కొత్తగా తయారుచేసేవాళ్లు ఎఫెక్ట్‌కు ధర పెట్టాలని తెలుసుకోగానే మొదట రాసేది లైఫ్ పాయింట్లు. "1000 లైఫ్ పాయింట్లు చెల్లించి" అని మొదలుపెడితే బరువుగా వినిపిస్తుంది. మ్యాజికల్ సైంటిస్ట్ అనే కార్డు చరిత్ర ఒకసారి చూడండి. లెవెల్ 1, అటాక్ 300, డిఫెన్స్ 300. 1000 లైఫ్ పాయింట్లు చెల్లిస్తే లెవెల్ 6 వరకు ఉన్న ఒక ఫ్యూజన్ మాన్‌స్టర్‌ను దించవచ్చు. ఆ మాన్‌స్టర్ ప్రత్యర్థి మీద నేరుగా దాడి చేయకూడదు, టర్న్ చివర వెనక్కి పోతుంది. కాగితం మీద ఎన్ని జాగ్రత్తలో చూడండి! ఒక్కటే లేదు, టర్న్‌కు ఎన్నిసార్లు అన్నది. 8000 ఉన్నవాడు ఏడుసార్లు చెల్లించవచ్చు. పక్కన కెటపుల్ట్ టర్టిల్ ఉందనుకోండి. మన మాన్‌స్టర్‌ను ట్రిబ్యూట్ ఇస్తే దాని అటాక్‌లో సగం ప్రత్యర్థికి దెబ్బగా తగులుతుంది. ఫ్యూజన్ దించు, విసిరెయ్, మళ్లీ దించు, మళ్లీ విసురు. దాడి చేయకూడదన్న నిబంధన ఎవరికీ గుర్తే రాలేదు, దాడి చేసింది ఎవరు కనుక? ప్రత్యర్థికి ఒక్క టర్న్ కూడా రాకముందే ఆట అయిపోయేది. చివరికి మ్యాజికల్ సైంటిస్ట్‌ను నిషేధించారు, కెటపుల్ట్ టర్టిల్ రాతను టర్న్‌కు ఒక్కసారే అని మార్చారు.

7000 పోగొట్టుకుని 1000తో మిగిలినవాడు, 8000తో మిగిలినవాడు, ఇద్దరి గెలుపూ ఒక్కటే. లైఫ్ పాయింట్లలో చివరిది పోయినప్పుడే నష్టం.

రెండో చెల్లని నాణెం గ్రేవ్‌యార్డ్, అంటే వాడేసిన, నాశనమైన కార్డులు చేరే చోటు. "డెక్ పైనుంచి మూడు కార్డులు గ్రేవ్‌యార్డ్‌కు పంపి" అని ధర పెడతారు. వేరే ఆటలో అయితే నష్టమేమో. యు-గి-ఓలో గ్రేవ్‌యార్డ్ అంటే రెండో చెయ్యి. ఫూలిష్ బరియల్ అనే స్పెల్ కార్డు చేసే పని అంతా కలిపి డెక్‌లోంచి ఒక మాన్‌స్టర్‌ను గ్రేవ్‌యార్డ్‌కు పంపడమే. ఆ ఒక్క పని కోసం ఒక కార్డు ఖర్చుపెట్టడానికి ఆటగాళ్లు పోటీపడితే, ఆ కార్డును చాలాకాలం డెక్‌కు ఒకటే కాపీ అని కట్టడి చేయాల్సి వచ్చింది. అందరూ ఆశపడే పనిని మీరు ధర అని రాస్తే ఎలా?

మరి చెల్లే నాణేలేవి? మూడే కనిపిస్తాయి నాకు. చేతిలో, ఫీల్డ్‌లో ఉన్న కార్డుల లెక్క. ఆ టర్న్‌లో ఉన్న ఒక్క నార్మల్ సమ్మన్ హక్కు. ఇక సమయం, అంటే ఈ టర్న్‌లో దక్కే ఫలితం వచ్చే టర్న్‌కు వాయిదా పడటం. గోబ్లిన్ అటాక్ ఫోర్స్ కట్టేది ఈ మూడో నాణెంతోనే.

ఫలితానికి కూడా ఇదే కొలత. 3000 అటాక్ చూసి భయపడేవాళ్లకు యాటా-గరాసు గురించి చెప్పాలి. అటాక్ 200. డిఫెన్స్ 100. దించిన టర్న్ చివర తనంత తానే చేతిలోకి వెళ్లిపోయే కాకి. ప్రత్యర్థికి యుద్ధంలో దెబ్బ తగిలించిందా, అతను తన తర్వాతి టర్న్‌లో కార్డు తీయకూడదు. అంతే. దీనికి తోడు కేయాస్ ఎంపరర్ డ్రాగన్ అని ఒకటుండేది. 1000 లైఫ్ పాయింట్లతో ఇద్దరి చేతుల్లో, ఫీల్డ్‌లో ఉన్న కార్డులన్నిటినీ గ్రేవ్‌యార్డ్‌కు ఊడ్చేసేది, ఒక్కో కార్డుకు 300 చొప్పున దెబ్బ వేసేది. ఆ ఊడ్పులో మన ఫీల్డ్‌లో ఉన్న సంగాన్ అనే మాన్‌స్టర్ కూడా పోతుంది కదా, అది పోతూపోతూ డెక్‌లోంచి 1500 లోపు అటాక్ ఉన్న మాన్‌స్టర్‌ను చేతికి తెచ్చిపెడుతుంది. కాకిది 200. డ్రాగన్ వచ్చింది స్పెషల్ సమ్మన్ మీద, నార్మల్ సమ్మన్ హక్కు ఇంకా మిగిలే ఉంది. కాకి దిగుతుంది, పొడుస్తుంది. ఎదుటివాడికి చేతిలో కార్డు లేదు, ఫీల్డ్‌లో లేదు, తీసుకునే వీలు లేదు. 200 చొప్పున పూర్తి 8000 కరగడానికి నలభై టర్న్‌లు, అన్నాళ్లూ అతను చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. ఈ రెండూ 2004లో నిషేధం జాబితాకెక్కాయి. ఆ కాకి తీసుకున్నది సమయాన్ని. దానిముందు అటాక్ అంకె ఎంత?

ఇంకో సంగతి కూడా ఈ కథలోనే ఉంది. సంగాన్ కాకిని తేగలిగింది దాని అటాక్ తక్కువ కావడం వల్లే. కార్డు మీద ఉన్న ప్రతి చిన్న వివరం ఎవరో ఒకరికి తలుపు తీస్తుంది. లెవెల్ 3, ఫీండ్ తరగతి అని రాశారంటే టూర్ గైడ్ ఫ్రమ్ ది అండర్‌వరల్డ్ దాన్ని డెక్‌లోంచి నేరుగా దించగలదు. లెవెల్ 4 లోపు వారియర్ అంటే రీఇన్‌ఫోర్స్‌మెంట్ ఆఫ్ ది ఆర్మీ వెతికి చేతికిస్తుంది. బొమ్మకు బాగుందని తరగతి రాయకండి. ఆ తరగతిని పిలిచే కార్డులు ఏమున్నాయో చూసి రాయండి.

బేతాళుణ్ని దించుదాం

ఇక ఒక కార్డు తయారుచేద్దాం. చందమామ చదివినవాళ్లకు శంకర్ బొమ్మ కళ్లలోనే ఉంటుంది, చేత కత్తి, భుజాన శవం, శ్మశానంలో నడిచే విక్రమార్కుడు. శవంలోని బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు, రాజు నోరు విప్పగానే శవంతో సహా మాయమై చెట్టెక్కుతాడు. ఆటకు పనికొచ్చే లక్షణం ఇందులో ఏది?

చాలామంది మొదట పట్టుకునేది, ఎన్నిసార్లు పోయినా తిరిగి రావడం. అందుకని ఇలా రాస్తారు: లెవెల్ 4, అటాక్ 1800, "ఈ కార్డు ఫీల్డ్ నుంచి గ్రేవ్‌యార్డ్‌కు వెళ్తే మళ్లీ స్పెషల్ సమ్మన్ చేయవచ్చు." చదవడానికి ఎంత అమాయకంగా ఉందో! ఇప్పుడు దీని పక్కన కెనన్ సోల్జర్ పెట్టండి. ఒక మాన్‌స్టర్‌ను ట్రిబ్యూట్ ఇస్తే ప్రత్యర్థికి 500 దెబ్బ, టర్న్‌కు ఇన్నిసార్లే అన్న హద్దు లేదు. బేతాళుణ్ని బలివ్వు, అతను లేచి వస్తాడు, మళ్లీ బలివ్వు. 500 పదహారుసార్లు అంటే 8000. రెండు కార్డులతో ఆట ముగిసింది. మాన్‌స్టర్‌ను ఊరికే తిరిగి తెచ్చే ఎఫెక్ట్ రాసిన ప్రతిసారీ కెనన్ సోల్జర్‌ను తలచుకోండి.

సరే, ఫీల్డ్‌లోకి వద్దు, చేతిలోకి రానిద్దాం అంటారా? దానికీ ఒక పెద్దన్న ఉన్నాడు. సినిస్టర్ సర్పెంట్, అటాక్ 300, ప్రతి టర్న్ మొదట్లో గ్రేవ్‌యార్డ్ నుంచి చేతికొచ్చే పాము. చేతిలో కార్డు పారేసి వాడుకోవాల్సిన ఎఫెక్టులన్నిటికీ ఈ పామునే పారేసేవారు, మర్నాడు మళ్లీ వచ్చేది. మిగతా కార్డుల మీద రాసిన ధరలన్నీ ఈ ఒక్క కార్డు వల్ల ఉత్తుత్తివి అయిపోయాయి. నిషేధించారు, తర్వాత రాత మార్చి వదిలారు. కొత్త రాత ప్రకారం టర్న్‌కు ఒకసారే వస్తుంది, అలా వచ్చాక ప్రత్యర్థి టర్న్ చివర ఒక సినిస్టర్ సర్పెంట్ గ్రేవ్‌యార్డ్ నుంచి ఆటలో లేకుండా పోతుంది.

కథలోకే తిరిగి వెళ్దాం. తిరిగి రావడం కన్నా అసలు తమాషా రాజు మౌనంలో ఉంది. బేతాళుడు ఎక్కి కూర్చునేది ఎవరి భుజాన? ఎదుటివాడి భుజాన. అలా అయితే ఈ కార్డును మన ఫీల్డ్‌లో కాకుండా ప్రత్యర్థి ఫీల్డ్‌లో దించాలి. ఇదేం కొత్త కాదు, లావా గోలెమ్ చేసేది అదే. ప్రత్యర్థి మాన్‌స్టర్లు ఇద్దరిని ట్రిబ్యూట్ చేసి, 3000 అటాక్ ఉన్న తాను అతని ఫీల్డ్‌లోనే దిగి, అతని ప్రతి టర్న్‌లో అతనికే 1000 దెబ్బ వేస్తుంది. దాన్ని దించిన టర్న్‌లో మనకు నార్మల్ సమ్మన్ ఉండదు. ఆ షరతు మనమూ అప్పు తెచ్చుకుందాం.

బేతాళుడి మొదటి రూపం ఇది. నార్మల్ సమ్మన్ కుదరదు. మన చేతిలోంచి ప్రత్యర్థి ఫీల్డ్‌లోకి డిఫెన్స్ పొజిషన్‌లో స్పెషల్ సమ్మన్ చేయాలి. ఆ టర్న్‌లో మనకు నార్మల్ సమ్మన్ లేదు. బేతాళుడు తన ఫీల్డ్‌లో ఉండగా ప్రత్యర్థి ఫీల్డ్‌లోని మాన్‌స్టర్ ఎఫెక్ట్ ఏదైనా వాడాడా, నోరు విప్పినట్టే. ఆ ఎఫెక్ట్ పూర్తయ్యాక బేతాళుడు మన చేతికి తిరిగి వస్తాడు, మనం ఒక కార్డు డ్రా చేస్తాం.

ఇప్పుడు అంకెలు. మామూలు లెక్క ఇక్కడ తిరగబడింది, ఎందుకంటే ఈ మాన్‌స్టర్ మన ఫీల్డ్‌లో ఉండదు. అటాక్ 1800 ఇస్తే ప్రత్యర్థి దాన్ని నిలబెట్టి మన మీదకే తోలతాడు. కాబట్టి అటాక్ 0. మరి అటాక్ పొజిషన్‌లో దించనిస్తే? సున్నా అటాక్ ఉన్నదాన్ని మన 3000 మాన్‌స్టర్‌తో కొట్టి నేరుగా 3000 దెబ్బ వేయొచ్చు, బేతాళుడు ఉత్త పంచింగ్ బ్యాగ్ అవుతాడు. అందుకే డిఫెన్స్ పొజిషన్ అన్న మాట తీసేయకూడదు. డిఫెన్స్ కూడా 0 పెడదాం. అతనికి అడ్డుగోడగా పనికి రాకూడదు, మనకు విసుగొస్తే కొట్టి తీసేయగలగాలి.

లెవెల్ దగ్గర ఆగి ఆలోచించాలి. 4 రాయడానికి చెయ్యి తనంతట తానే వెళ్తుంది. కానీ రెండు లెవెల్ 4 మాన్‌స్టర్లుంటే, వాటిని మెటీరియల్‌గా వాడి ర్యాంక్ 4 ఎక్సీజ్ మాన్‌స్టర్‌ను దించవచ్చు. లెవెల్ 4 మాన్‌స్టర్లు లేని డెక్ అరుదు, ప్రత్యర్థికి మనమే సగం సామాను చేతికిచ్చినట్టు. 1 రాస్తే ఇంకా అన్యాయం, ఒక్క లెవెల్ 1 మాన్‌స్టర్‌తో లింకురిబో అనే లింక్ మాన్‌స్టర్ వచ్చేస్తుంది. 5 అయితే తక్కువ మందికి పనికొస్తుంది. జాంబీ తరగతి, డార్క్ గుణం. జాంబీలను లేపే కార్డులు చాలానే ఉన్నా, మన బేతాళుణ్ని దించే దారి చేతిలోంచి ఒక్కటే అని రాశాం కాబట్టి గ్రేవ్‌యార్డ్ తలుపు మూసే ఉంటుంది.

ఇక్కడొక ఆశ పుడుతుంది. "ఈ కార్డును మెటీరియల్‌గా వాడకూడదు, ట్రిబ్యూట్ ఇవ్వకూడదు" అని ఒక వాక్యం చేరిస్తే ప్రత్యర్థికి తప్పించుకునే దారే ఉండదు కదా అని. చేర్చకండి. ఆ దారే ఈ కార్డు ధర. లెక్క వేయండి. దించినప్పుడు మన చేతిలో ఒక కార్డు తగ్గింది, అతని ఫీల్డ్‌లో ఒకటి పెరిగింది. అతను నోరు విప్పితే బేతాళుడు వెనక్కి, పైగా ఒక కార్డు లాభం. అతను నోరు విప్పకుండా ఇంకో మాన్‌స్టర్‌ను తెచ్చి బేతాళుణ్ని కలిపి లింక్ సమ్మన్ చేస్తే, మన కార్డు పోయి అతనికి మెటీరియల్ దక్కింది. ఈ రెంటి మధ్య అతను తేల్చుకోవాలి. ఎఫెక్ట్ ముందా, బేతాళుణ్ని వదిలించుకోవడం ముందా? విక్రమార్కుడికి ఎదురైన ఇరకాటమే అతనికీ ఎదురైంది. ఆ దారి మూసేస్తే ఇరకాటం పోయి శిక్ష మిగులుతుంది. ప్రత్యర్థి చేయగలిగిందేమీ లేని కార్డులు ఒక్క ఆటకు సరదా, రెండో ఆటకు అవతలివాడు లేచి వెళ్లిపోతాడు.

రాత

కొనామి 2011 నుంచి కార్డుల మీద వాక్యాలను ఒక పద్ధతిలో పెట్టింది. ఎఫెక్ట్ ఎప్పుడు వాడవచ్చో చెప్పే షరతు కోలన్‌కు ముందు, చెల్లించాల్సిన ధర సెమీకోలన్‌కు ముందు, జరిగే పని ఆ తర్వాత. ఈ విరామ చిహ్నాల మీదే గొడవలు తేలతాయి. సెమీకోలన్‌కు ముందున్నది చెల్లించేశాక ఎఫెక్ట్‌ను ప్రత్యర్థి అడ్డుకున్నా ధర వెనక్కి రాదు. మీరు తెలుగులో రాసుకున్నా ఈ మూడు భాగాలు విడివిడిగా కనిపించేలా రాయండి.

"టర్న్‌కు ఒకసారి" అన్న మాటలోనూ రెండు రకాలున్నాయి. మొదటిది ఫీల్డ్‌లో ఉన్న ఆ ఒక్క కాపీకే వర్తిస్తుంది. అది చేతికి వెళ్లి మళ్లీ వచ్చిందంటే కొత్త కార్డు కింద లెక్క, మళ్లీ వాడవచ్చు. మూడు కాపీలుంటే మూడుసార్లు. రెండోది పేరు మీద పెట్టే హద్దు, ఆ పేరున్న కార్డు ఎఫెక్ట్ టర్న్‌కు ఒక్కసారే అని. బేతాళుడి పనే వెళ్లి రావడం, ప్రత్యర్థి భుజాన ముగ్గురు బేతాళుళ్లు కూర్చుంటే అతను ఒక్క ఎఫెక్ట్ వాడగానే మనకు మూడు కార్డులు. కాబట్టి పేరు మీద హద్దు పెట్టి తీరాలి. ఇంకా అనుమానంగా ఉంటే గట్టి హద్దునే ఎంచుకోండి, తర్వాత సడలించడం సులువు.

పొడుగు కూడా చూసుకోండి. సొంత కార్డులకు పట్టే జబ్బు ఇది, ఐదు ఎఫెక్టులు, చీమలబారు అక్షరాలు. ఎదురుగా కూర్చున్నవాడికి కార్డు అందించకుండా ఒక్కసారి నోటితో చదివి వినిపించండి. మధ్యలో "మళ్లీ చెప్పు" అన్నాడంటే అక్కడ కత్తిరించండి.

పరీక్ష

కాగితం మీద రాసి, పాత కార్డు ఒకదాని ముందు పెట్టి స్లీవ్‌లో దూర్చితే చాలు, ఆడుకోవచ్చు. అధికారిక పోటీల్లో సొంత కార్డులు ఎలాగూ చెల్లవు, అచ్చం అసలు కార్డులా అచ్చువేయించే ఖర్చు ఇప్పుడే అనవసరం.

నలభై కార్డుల డెక్‌లో మూడు కాపీలు పెట్టినా, మొదటి ఐదు కార్డుల్లో కనీసం ఒకటి కనిపించే అవకాశం 34 శాతం లోపే. ఒక్క కాపీ అయితే 12.5 శాతం. అంటే మామూలుగా కలిపి ఆడితే మూడు ఆటల్లో రెండు మీ కార్డు చేతిలో లేకుండానే మొదలవుతాయి, సాయంత్రమంతా ఆడి బేతాళుడి గురించి పెద్దగా ఏమీ తెలుసుకోకుండా లేస్తారు. అందుకని పరీక్ష ఆటల్లో దాన్ని ముందే చేతిలో పెట్టుకోండి, మిగతా నాలుగే తీయండి. బలం తెలిసిపోయాక మామూలు పద్ధతిలో ఆడి, ఎంత తరచుగా వస్తోందో చూడవచ్చు.

ఇంకో మెలిక. కార్డును ఎదుటివాడి డెక్‌లో పెట్టి, దాని మీద మీరు ఆడండి. మన రాక్షసుడి మీద మనకు మమకారం ఉంటుంది, మన చేతిలో ఉన్నంతసేపూ అతను చేసే అన్యాయం ముచ్చటగానే కనిపిస్తుంది. అవతల కూర్చుంటే గానీ ఆ దెబ్బ తెలియదు. ఆట అయ్యాక "కార్డు ఎలా ఉంది" అని అడక్కండి, బాగుందనే అంటారు. ఏ టర్న్‌లో దించాలనిపించింది, ఎప్పుడు చేతిలోనే అట్టేపెట్టావు, ఎందుకు అని అడగండి. రాగానే ఆలోచించకుండా దించేశాడంటే ధర తక్కువ. ఆట చివరిదాకా చేతిలోనే మిగిలిపోయిందంటే ధర ఎక్కువ. కాసేపు గడ్డం గోక్కున్నాడంటే దగ్గరికొచ్చారు.

పరీక్ష ఒకే రకం డెక్‌తో ఆపకండి. బేతాళుడి విషయంలో చూడాల్సినవి మూడు రకాలు. మాన్‌స్టర్ ఎఫెక్టులు అసలు వాడని పాతకాలపు డెక్ ఎదురైతే బేతాళుడు అతని భుజాన ఊరికే కూర్చుంటాడు, మనకు ఒక కార్డు దండగ, అది పర్వాలేదు. లింక్ సమ్మన్‌ల మీద బతికే డెక్ ఎదురైతే అతనికి మనం కట్నం ఇచ్చినట్టు, అది కూడా పర్వాలేదు, ఏ కార్డుకైనా సరిపడని ప్రత్యర్థి ఉండాలి. మూడోదే చూసుకోవాల్సింది, మన చేతిలో ఉన్న డెక్. టర్న్ అంతా స్పెషల్ సమ్మన్‌లతోనే నడిపే డెక్‌కు నార్మల్ సమ్మన్ హక్కు వదులుకోవడం ఒక లెక్కా? ఆ డెక్‌లో బేతాళుడు దాదాపు ఉచితం. పైన చెల్లే నాణెం అని రాసిందే ఇక్కడ చెల్లకుండా పోయింది.

అలా తేలితే రెండు దారులున్నాయి. దించిన టర్న్‌లో ఎక్స్‌ట్రా డెక్ (ఫ్యూజన్, ఎక్సీజ్, లింక్ మాన్‌స్టర్లు ఉండే పక్క డెక్) నుంచి స్పెషల్ సమ్మన్ కూడా చేయకూడదని ధర పెంచవచ్చు. లేదా ధర అలాగే ఉంచి, బేతాళుడు తిరిగొచ్చినప్పుడు దొరికే డ్రా తీసేయవచ్చు. మొదటిదాంతో కార్డు నెమ్మదైన డెక్‌లకు చేరుతుంది, రెండోదాంతో ప్రత్యర్థిని ఊరికే విసిగించే కార్డుగా మిగులుతుంది. నాకు మొదటిదే నచ్చుతుంది. మీరు ఏది ఎంచుకున్నా ఒక్కసారికి ఒక్కటే మార్చి, స్లీవ్‌లో కాగితం మార్చి, ఆ డెక్‌తోనే మళ్లీ కూర్చోండి. పాత కాగితం పారేయకండి, వెనకవైపు తేదీ, మార్చిన కారణం రాసి దాచుకోండి. నాలుగో రూపం దగ్గరికి వచ్చేసరికి రెండో రూపమే నయమనిపించడం మామూలే.